సూళ్లూరుపేట తెరమీద 'సాహో'

2019 ఆగస్టు 30న 'సాహో' విడుదలయింది. ఆ చిత్రంతోనే సూళ్లూరుపేట దగ్గర, చెన్నై రహదారి పక్కన, వి ఎపిక్ సినిమాహాలు తెరిచారు. ఆ వూరు అప్పుడు నెల్లూరు జిల్లాలో వుండేది. 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది. తెర వెడల్పు 106 అడుగులనీ, దక్షిణాసియాలో ఇంతటిది లేదనీ చాటారు. చిత్రం తీసిన యు.వి. క్రియేషన్స్ వారిదే ఆ హాలు కూడా. ఈ రెండు సంగతులూ కలిపి చూస్తే తప్ప 'సాహో' చరిత్ర అర్థం కాదని నా అభిప్రాయం.

దర్శకుడు సుజీత్‌కు అది రెండో చిత్రం. మొదటిది, 'రన్ రాజా రన్' (2014), ఈ సంస్థలోనే తీసిన తేలికపాటి వినోదం. మరి రెండోదానికి 350 కోట్ల పెట్టుబడి ఎలా వచ్చింది? 'బాహుబలి' ప్రభాస్‌కు హిందీ మార్కెట్టు తెరిచింది. పెట్టుబడి ఆ దారినే పరుగెత్తింది. తెలుగు, హిందీ భాషల్లో ఒకేసారి తీశారు. 2018లో అబూధాబీ రోడ్లమీద హాలీవుడ్ ఫైట్ మాస్టరు కెన్నీ బేట్స్ చేత కార్ల ఛేజింగు తీయించారు. 37 కార్లు, 5 ట్రక్కులు నిజంగానే బద్దలుకొట్టామని ప్రచారం. బద్దలైన ఇనుముకు లెక్క చెప్పారు బాగానే వుంది. వాటిని నడిపిన డూపుల కూలి ఎంత, ఎముక విరిగితే ఎవరు చూస్తారు అన్న లెక్క నాకు ఏ ప్రకటనలోనూ కనిపించలేదు.

వేగం ఆ తీరంవాళ్లకు కొత్త గాదు. అదే జూలై 22న చంద్రయాన్-2 పక్కనున్న శ్రీహరికోటనుంచే లేచింది.

చిత్రం హిందీలో వంద కోట్లు దాటింది. తెలుగునాట ఆశించినంత ఆడలేదు. తన 'లార్గో వించ్' (2008)ను కాపీ కొట్టారని ఫ్రెంచి దర్శకుడు జెరోమ్ సాల్ ఎద్దేవా చేశాడు. మన సమీక్షకులు కథ గజిబిజిగా వుందనీ, అంత డబ్బు వృథా అయిందనీ రాశారు. నేనూ అలాగే మాట్లాడాను. ఇప్పుడు ఆలోచిస్తే, నిర్మాత ఇచ్చిన కొలబద్దతోనే మేమంతా కొలిచాం. డబ్బు దండగైందని వాపోవడం వర్తకుడి పని.

అసలు చూడవలసింది కథ ముగింపు. రహస్య పోలీసులా తిరిగిన నాయకుడు చివరికి వాజీ నగరపు నేరసామ్రాజ్యాధిపతి రాయ్ కొడుకని తేలుతుంది. ఇన్ని కార్లూ పరుగెత్తింది తండ్రి గద్దె కొడుక్కి దక్కడానికి! జమీందారీలు పోయినా వారసుడి కథ పోలేదు. అబూధాబీ రోడ్డుమీద కొత్త చొక్కా తొడుక్కుంది. దీన్ని పట్టించుకున్న సమీక్ష నా కంటబడలేదు.

మొదటి వారంలో నేనూ వెళ్లి చూశాను. ఛేజింగుకు ఈలలు దద్దరిల్లాయి. వారసుడి రహస్యం బయటపడినప్పుడు అంత సందడి లేదు. ఆట వదిలాక రోడ్డుపక్క టీ బంకు దగ్గర నలుగురు లారీ డ్రైవర్లు వాదించుకుంటున్నారు. ప్రభాస్ గురించి కాదు. ట్రక్కు తిరగబడేముందు నడిపేవాడు బ్రేకు తొక్కాడా, ముందే దూకేశాడా, లోడు వుందా అని. ఖాళీ బండి గనకనే అలా ఎగిరిందని వాళ్లలో పెద్దాయన తేల్చి చెప్పి, గ్లాసు కింద పెట్టి, తన లారీవైపు నడిచాడు.