ఏ ఊరి నీళ్ళు, ఏ పని?

ఫ్లోరోసిస్ అనుమానం ఉన్న మనిషి ముందు డాక్టరు నేల మీద ఒక రూపాయి బిళ్ళ వేసి, మోకాళ్ళు వంచకుండా తీయమంటాడు. వెన్ను కర్రలా బిగుసుకుపోయిన మనిషికి అది చేతకాదు. స్కానింగ్ యంత్రాలు రాకముందు నుంచీ పనికొచ్చిన పరీక్ష ఇది. తెలుగు నేల మీద వెన్ను, నరాల వైద్యం గొప్పగా నేర్చుకున్న పాఠం ఆ బిళ్ళతో పాటు అడగాల్సిన ప్రశ్నలో ఉంది: మీరు తాగేది ఏ బావి నీళ్ళు? అప్పటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి వైపు పల్లెల జనం నడుములు పట్టేసి మంచాన పడుతుంటే, 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆ ప్రశ్న పట్టుకునే నీటిలోని ఫ్లోరైడ్ దగ్గరికి చేరారు. 1955లో నల్లగొండ నుంచి సిద్దిఖీ అదే జబ్బు గురించి రాశారు. తర్వాత హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి, గట్టిపడ్డ వెన్నుపూస వెన్నుపామును నొక్కి కాళ్ళు పడిపోతున్న తీరును ఏళ్ళ తరబడి పరిశీలించారు. దంతంలా బిగిసిన ఎముకను తొలిచి నొక్కుడు తీసేయవచ్చు. కానీ రోగి ఇంటికెళ్ళి తాగేది మళ్ళీ ఆ బావి నీళ్ళే అయితే, ఆ ఆపరేషన్ సగం వైద్యమే. రోగి కేంద్రంగా చికిత్స అనే మాటకు నేను చెప్పుకునే అర్థం ఇదే: రోగిని అతని ఊరితో, అతని పనితో కలిపి చూడడం.

హైదరాబాదు శివారులోని పటాన్‌చెరుకు వచ్చేసరికి ఆ రెండో సగం, అంటే పని, అడగడం మానేశామని నా వాదన. 1960ల్లో దాని పక్కనే ఉన్న రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది, ఆ తర్వాతి దశాబ్దంలో పారిశ్రామికవాడ, దాని వెంట మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి. నక్కవాగు రంగు మారాక జనం ముందు నీళ్ళ గురించే కొట్లాడారు. స్థానిక వైద్యుడు అల్లాని కిషన్‌రావు ఆ పోరాటానికి ముందు నిలిచారు, వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. అంటే వాగును అడిగారు, పొలాన్ని అడిగారు. షెడ్డు లోపల రియాక్టరు దగ్గర నిలబడ్డ మనిషి చేతుల తిమ్మిర్ల గురించి అడిగింది తక్కువ. మందుల తయారీలో వాడే ద్రావకాల్లో హెక్సేన్ ఆవిరి కాళ్ళూ చేతుల నరాలను, మిథనాల్ కంటి నరాన్ని దెబ్బతీస్తాయని వైద్యశాస్త్రానికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే రోగిని ‘నువ్వు చేసే పనేమిటి’ అని అడగమన్నాడు.

తల పగిలి వచ్చినవాణ్ణి పనేంటని అడుగుతూ కూర్చుంటారా అనవచ్చు. నిజమే, మెదడులో రక్తం గడ్డకడుతుంటే ప్రతి నిమిషమూ విలువైనదే. అయితే ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపే రోజున అడగవచ్చు కదా. అతను మళ్ళీ ఎత్తైన ప్లాట్‌ఫారం ఎక్కి పనిచేయాలా, మూర్ఛ వస్తే అక్కడ పట్టుకునేవాళ్ళు ఉంటారా అన్నది తెలియకుండా ‘రెస్టు తీసుకో’ అని రాసిచ్చే చీటీ అతనికెందుకు? ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. తిమ్మిర్లు షుగరు వల్ల రావచ్చు, మద్యం వల్ల రావచ్చు, బి12 తగ్గినా రావచ్చు. ఫ్యాక్టరీ మీద నెట్టేయడం న్యాయం కాదు. ఒప్పుకుంటాను. ఒక్క రోగిని చూసి ఏదీ తేల్చలేం. పొదిలిలోనూ ఒక్కణ్ణి చూసి తేల్చలేదు, ఒకే చోట నీళ్ళు తాగేవాళ్ళు ఒకే బాధతో కనబడ్డారు కాబట్టి తేలింది. పని వివరం చీటీ మీద రాయకపోతే, ఒకే షెడ్డు నుంచి పదిమంది వచ్చినా పదిమంది డాక్టర్లకు పది విడి కేసులుగానే కనిపిస్తారు. పని పేరు చెబితే కొలువు పోతుందని కాంట్రాక్టు కూలీ భయపడతాడు, ఆ భయం ఉత్తిది కాదు. కాబట్టి ఆ వివరం యజమానికి చేరకుండా వైద్యుడి దగ్గరే ఉండాలి.

1948 చట్టంతో వచ్చిన కార్మికుల బీమా పథకం ఈఎస్‌ఐలో కార్మికుడి పేరు పక్కన యజమాని కోడు ఉంటుంది. పక్కనే, వైద్యుడికి మాత్రమే కనిపించేలా, ఇంకో గడి చాలు: ఏ విభాగం, ఏ ద్రావకం, ఎన్నేళ్ళు.