యౌవనపిడక నుండి మందుల దుకాణం దాకా: కృష్ణా డెల్టాలో మొటిమల చికిత్స, కాలభావన

ప్రస్తావన

మశూచి, కలరా, మలేరియా వంటి వ్యాధులకు వైద్యచరిత్రలో దక్కిన స్థానం మొటిమకు దక్కలేదు. అది ప్రాణం తీయదు, ఊళ్లు ఖాళీ చేయించదు, ప్రభుత్వ నివేదికలకు ఎక్కదు. అయినా యౌవనంలో అడుగుపెట్టిన వారిలో అత్యధికులు ఏదో ఒక స్థాయిలో అనుభవించే చర్మవికారం ఇదే. ముఖంపై వచ్చేది కావడం వల్ల దీని చికిత్స కేవలం వైద్యవిషయంగా మిగలలేదు. పెళ్లిచూపులు, కళాశాల, కొలువు వంటి సందర్భాలన్నిటిలోనూ అది సామాజిక విషయమయింది. విజయవాడ, దాని చుట్టూ ఉన్న కృష్ణా డెల్టా ప్రాంతంలో మొటిమల చికిత్స ఇంటి నుండి వైద్యుని వద్దకు, అక్కడి నుండి అంగడికి సాగిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ క్రమంలో మందులు మారడం కంటే చికిత్సకు పట్టే కాలాన్ని గురించిన భావన మారడమే ప్రధాన పరిణామమని ఇక్కడ ప్రతిపాదన.

సంహితలలో ముఖదూషిక

సుశ్రుత సంహిత నిదానస్థానం మొటిమలను క్షుద్రరోగాలలో చేర్చి ‘ముఖదూషిక’ అని పేర్కొన్నది. బూరుగు చెట్టు ముల్లును పోలి ఉంటాయని, కఫ వాత రక్తాల వికృతి వల్ల యువతీయువకుల ముఖాలపై పుడతాయని దాని వివరణ. వాగ్భటుని అష్టాంగహృదయం వీటిని ‘మేదోగర్భ’ములుగా, అంటే లోపల కొవ్వు కలిగినవిగా, వర్ణించింది. సెబేషియస్ గ్రంథులు స్రవించే జిడ్డు రోమకూపంలో నిలిచిపోవడమే మొటిమకు మూలమని ఆధునిక చర్మవైద్యం చెబుతుంది. ఈ రెండు వివరణల సిద్ధాంత భూమికలు వేరు. అయినా గిల్లిన మొటిమలో కనిపించే పదార్థాన్ని పరిశీలించి పేరు పెట్టిన తీరు గమనార్హం.

ఈ పేర్లలోనే రెండు దృక్పథాలు ఇమిడి ఉన్నాయి. ‘ముఖదూషిక’ అన్నప్పుడు దృష్టి ముఖానికి కలిగిన దోషంపై ఉంటుంది. ‘యౌవనపిడక’ అన్నప్పుడు దృష్టి వయసుపై ఉంటుంది. మొదటిది తొలగించవలసిన మచ్చను సూచిస్తే, రెండవది గడిచిపోవలసిన దశను సూచిస్తుంది. సుశ్రుతుని చికిత్సాస్థానం ఈ రెండింటినీ సమన్వయించింది. వమనం చేయించి శరీరాన్ని శుద్ధి చేయడం ఒక మార్గం. వస, లొద్దుగ, సైంధవ లవణం, ఆవాలు నూరి పూయడం, లేదా ధనియాలు, వస, లొద్దుగ, చంగల్వకోష్టు కలిపి లేపనం చేయడం మరొక మార్గం. వీటిలో ఆవాలు, ధనియాలు వంటింటి దినుసులు. వస పసిపిల్లలున్న తెలుగు ఇళ్లలో వాడుకలో ఉన్న మూలిక. ఈ విధంగా శాస్త్రగ్రంథంలోని యోగం పచారీ కొట్టు దినుసులతో ఇంటిదాకా రాగలిగింది. సంస్కృత శ్లోకాలకు తెలుగు తాత్పర్యం కూర్చిన బసవరాజీయం వంటి గ్రంథాలు శాస్త్రానికీ గ్రామవైద్యునికీ నడుమ వారధిగా నిలిచిన సంగతి సాహిత్యచరిత్రకారులకు విదితమే.

డెల్టా పంటలు, నలుగు సంప్రదాయం

ఇంటివైద్యంలో మొటిమకు ప్రత్యేకించిన మందు కంటే చర్మానికి చేసే సాధారణ సంరక్షణే ముఖ్యమైనది. అది సున్నిపిండి, నలుగు. పెసలు, మినుములు, శనగలు వంటి అపరాల పిండికి పసుపు, బావంచాలు, కచ్చూరాలు చేర్చి సున్నిపిండి సిద్ధం చేసేవారు. ఈ దినుసులలో అధికభాగం డెల్టా వ్యవసాయానికి సంబంధించినవే. 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయి కాలువల సేద్యం విస్తరించాక వరి ఈ ప్రాంతపు ప్రధాన పంటగా స్థిరపడింది. వరి కోతల తరువాత మాగాణిలో మిగిలిన తేమతోనే మినుము, పెసర పండించడం డెల్టా రైతుల అలవాటు. పశ్చిమ డెల్టాలోని దుగ్గిరాల పసుపు విపణికి పేరుగాంచింది. అందువల్ల అపరాలు, పసుపు ఈ ప్రాంతపు ఇళ్లకు దూరం నుండి రావలసిన సరుకులు కావు.

నలుగు వైద్యం మాత్రమే కాదు. పెండ్లికూతురిని చేసే వేడుకలో అది కర్మకాండ, నలుగుపాటలలో అది సాహిత్యం. అభ్యంగనంతో దానికి సంబంధం ఉండడం వల్ల దానికొక నియతకాలం ఏర్పడింది. వారానికొకసారి తలంటు, పండుగకు నలుగు, పెళ్లికి ముందు కొన్ని రోజుల పాటు పసుపు పూత అనే క్రమం చర్మసంరక్షణను ఒక రోజు పనిగా కాక ఆవృత్తిగా నిలిపింది. ఫలితం ఒక్క రాత్రిలో రావాలన్న అపేక్ష ఈ క్రమంలో లేదు. ‘వయసు మొటిమలు, వాటంతట అవే పోతాయి’, ‘గిల్లితే మచ్చ పడుతుంది’ అన్న పెద్దల మాటలు ఈ కాలభావనకు అద్దం పడతాయి. మొటిమను నొక్కితే వాపు లోపలికి వ్యాపించి మచ్చ మిగులుతుందన్నది నేటి చర్మవైద్యులు కూడా చెప్పే మాట.

అయితే ఈ సంప్రదాయాన్ని పూర్తిగా ఆదర్శీకరించడం తగదు. వాచిన మొటిమపై పిండితో గట్టిగా రుద్దితే మంట పెరుగుతుంది. ముఖానికి దట్టంగా పట్టించిన నూనె కొందరిలో రోమకూపాలను మూసివేస్తుంది. బావంచాలలోని సొరాలెన్ చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తుంది. ‘ఒంటి వేడి’ వల్ల, ముఖ్యంగా మామిడిపండ్ల కాలంలో, మొటిమలు వస్తాయన్న నమ్మకం డెల్టాలో నేటికీ బలంగానే ఉంది. పండు వేడి చేసి మొటిమకు కారణమవుతుందన్న దానికి ఆధునిక వైద్యంలో ఆధారం లేదు. ఉక్కపోత, చెమట మాత్రం ఉన్న మొటిమలను ఉద్రేకింపజేయగలవు. అంటే జనశ్రుతి కాలాన్ని సరిగానే గమనించి, కారణాన్ని వేరొకచోట వెతికిందని చెప్పవచ్చు.

సీసాలోకి చేరిన మూలిక

పందొమ్మిదవ శతాబ్ది చివరి నుండి మందు ఇంటి రోలు విడిచి సీసాలోకి, డబ్బీలోకి చేరింది. ఈ మార్పులో తెలుగువారి పాత్ర ప్రముఖమైనది. కృష్ణా జిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం నెలకొల్పారు. ఆయన 1908లో ఆంధ్రపత్రికను ప్రారంభించారు. మందుల వ్యాపారపు ధనం పత్రికను పోషించగా, పత్రికలోని ప్రకటన మందును పల్లెకు చేర్చింది. మద్రాసులో కె. ఎన్. కేసరి ‘లోధ్ర’ పేరుతో స్త్రీల ఔషధాన్ని ప్రచారంలోకి తెచ్చి, 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించారు. ఆ ఔషధం మొటిమలకు ఉద్దేశించినది కాదు. అయినా సుశ్రుతుని ముఖలేపంలోని లొద్దుగ ఒక సీసా మందు పేరుగా మారడం ఆ కాలపు పరిణామాన్ని సూచిస్తుంది. పలు దినుసులను నూరి, మనిషిని బట్టి పాళ్లు మార్చే యోగం స్థానంలో అందరికీ ఒకే పాకం, ఒకే పేరు, ఒకే ధర వచ్చాయి. కొనేవారు వైద్యుని ఎదుట కూర్చోవలసిన అవసరం లేకపోయింది.

ఈ కాలంలోనే స్నోలు, సువాసన సబ్బులు నగరాల నుండి బెజవాడ అంగళ్లకు చేరాయి. స్వాతంత్ర్యానంతరం 1975లో ఫెయిర్ అండ్ లవ్‌లీ లేపనం దేశీయ విపణిలోకి వచ్చింది. ఇటువంటి ప్రకటనల భాషలో ‘మచ్చలేని’ అన్న మాటకూ ‘తెల్లని’ అన్న మాటకూ మధ్య గీత చెరిగిపోయింది. తేటదనం చర్మపు ఆరోగ్యానికి సంబంధించినది, తెలుపు చర్మపు రంగుకు సంబంధించినది. చామనచాయ ముఖం కూడా తేటగా ఉండవచ్చునన్న వివేకం ఈ కలగలుపులో మరుగున పడింది. ఆ లేపనం పేరులోని ‘ఫెయిర్’ అన్న మాటను సంస్థ 2020లో తొలగించింది. కాని అంతకుముందు నాలుగున్నర దశాబ్దాలు ఆ మాట మూడు తరాల వారి చెవుల్లో పడింది.

సుబ్బారావు, టెట్రాసైక్లిన్ మార్గం

మొటిమల ఆధునిక చికిత్సాచరిత్రలో ఒక ప్రధాన ఘట్టానికి తెలుగునేలతో సంబంధం ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. డెల్టాలోని ఆ తాలూకా 1904 నుండి పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిన 1925 వరకు కృష్ణా జిల్లాలో అంతర్భాగం. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసిన పిదప ఆయన ఆచంట లక్ష్మీపతి నిర్వహించిన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించారు. 1923లో అమెరికా వెళ్లి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నేతృత్వం వహించారు. అక్కడ ఆయన నాయకత్వంలో మట్టిలోని సూక్ష్మజీవులను పరిశీలించిన బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇది మొదటి ఔషధం. 1948లో దీనిని లోకానికి ప్రకటించిన కొద్ది వారాలకే సుబ్బారావు మరణించారు.

ఈ కుటుంబానికి చెందిన టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ తరువాతి దశాబ్దాలలో తీవ్రమైన మొటిమలకు ప్రధాన ఔషధాలయ్యాయి. ఇవి రోమకూపంలోని సూక్ష్మజీవిని అదుపు చేయడంతో పాటు వాపును కూడా తగ్గిస్తాయి. 1969లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం విటమిన్ ఎ ఆమ్లపు పూతను మొటిమలకు ప్రతిపాదించింది. 1982లో ఐసోట్రెటినోయిన్ అమెరికాలో ఆమోదం పొందింది. గర్భస్థ శిశువుకు తీవ్రహాని కలిగించే స్వభావం దీనికి ఉండడం చేత వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి అయింది.

విజయవాడలో ఈ జ్ఞానానికి సంస్థాగత ఆధారం క్రమంగా ఏర్పడింది. 1980లో సిద్ధార్థ వైద్యకళాశాల, 1986లో ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయం నెలకొన్నాయి. నోరి రామశాస్త్రి పేరిట ఉన్న ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల కూడా ఇదే నగరంలో ఉంది. అయితే ప్రభుత్వాసుపత్రులలో చర్మవైద్యం సుఖవ్యాధులు, కుష్ఠులతో కలిసి ఒకే విభాగంగా సాగింది. ఆ గది ముందు వరుసలో నిలబడడానికి పెళ్లికాని యువతి, ఆమె కుటుంబం ఎంత వెనుకాడి ఉంటారో ఊహించడం కష్టం కాదు. ఆ సంకోచం మందుల దుకాణానికి అనుకూలించింది.

దుకాణపు బల్ల మీద లేపనం

వైద్యుడు లేనిచోట దుకాణదారుడే సలహాదారు అయ్యాడు. స్టెరాయిడ్ కలిసిన లేపనాలు ఈ మార్గంలోనే ఇళ్లకు చేరాయి. ఇవి రాసిన కొద్ది రోజులకే ఎరుపు తగ్గి, రంగు తేలికపడినట్లు కనిపిస్తుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు బయటపడతాయి, అవాంఛిత రోమాలు మొలుస్తాయి. స్టెరాయిడ్ వల్లనే కొత్త మొటిమలు పుడతాయి. మానివేయగానే మంట, ఎరుపు తిరగబెట్టడం వల్ల వాడినవారు మళ్లీ అదే గొట్టం కొంటారు. భారతీయ చర్మవైద్యులు దీనిని స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖంగా ప్రత్యేకంగా గుర్తించి ప్రచారోద్యమం సాగించారు. 2018 మార్చిలో కేంద్రప్రభుత్వం పలు స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది.

ఇక్కడ కాలభావనలోని వైరుధ్యం స్పష్టమవుతుంది. ఆధునిక చర్మవైద్యం తొందరను బోధించదు. బెంజాయిల్ పెరాక్సైడ్, రెటినాయిడ్ పూతలు ఫలితం చూపడానికి 8 నుండి 12 వారాలు పడుతుంది. మొదటి వారాలలో మంట, పొలుసు కనిపించవచ్చు. నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్‌లను సాధారణంగా 3, 4 నెలలకు పరిమితం చేసి, నిరోధకత పెరగకుండా బెంజాయిల్ పెరాక్సైడ్‌ను జతచేస్తారు. ఓర్పు, క్రమం, గిల్లకపోవడం, వయసును లెక్కలోకి తీసుకోవడం అన్న నాలుగు అంశాలలో ఇంటి పెద్దల మాట, నేటి చర్మవైద్యుని చీటీ ఒకచోట కలుస్తున్నాయి. వారంలో ఫలితం అన్న మాట ఈ రెండింటిలోనూ లేదు. అది ప్రకటనలో పుట్టి దుకాణపు బల్ల మీద స్థిరపడిన మాట.

ఉపసంహారం

మొటిమల చికిత్సాచరిత్రను సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్య పోరుగా చిత్రించడం పరిపాటి. కృష్ణా డెల్టా అనుభవం ఆ చిత్రాన్ని సమర్థించదు. ఆయుర్వేద కళాశాలలో బోధించిన సుబ్బారావే ఆరియోమైసిన్ పరిశోధనకు నాయకుడు కావడం ఈ రెండు మార్గాల మధ్య గోడ లేదనడానికి నిదర్శనం. అసలు విభజన ఓర్పును కోరే చికిత్సకూ తొందరను అమ్మే సరుకుకూ మధ్య ఉంది. ‘యౌవనపిడక’ అన్న పేరులో మొటిమ ఒక వయసుకు చెందినదన్న గ్రహింపు ఉంది. ప్రకటన భాష ‘ముఖదూషిక’ అన్న పేరులోని దోషాన్ని మాత్రమే గ్రహించి, దానికి రంగును కూడా చేర్చింది. మచ్చలు పడే తీవ్రమైన మొటిమను ‘వయసు’ అని ఉపేక్షించడం ఎంత పొరపాటో, నాలుగు మొటిమలకు స్టెరాయిడ్ పూయడం అంతకు మించిన పొరపాటు. తేటదనాన్ని తెలుపు నుండి వేరుచేసి చెప్పగల మాటలు తెలుగులో ఉన్నాయి. వాటిని వైద్యరచనలోకి, పాఠ్యపుస్తకాలలోకి తిరిగి తీసుకురావడం భాషాశాఖలు చేపట్టదగిన పని.