తలనీడ కథ: గిడుగు నుండి బెండుటోపీ వరకు

విజయవాడ నుండి బందరు పోవు దారిలో కంకిపాడు కలదు. చుట్టును కృష్ణ కాలువల క్రింది మాగాణి. ఈ ఊరి అక్షాంశము సుమారు 16.4 డిగ్రీలు. కావున ఏటికి రెండుమార్లు, మే మొదటి వారము చివరను, ఆగస్టు మొదటి వారము చివరను, మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. మొదటిసారి నిప్పులు చెరుగు ఎండ. రెండవసారి వరినాట్ల కాలపు వాన. ఎండకును వానకును పనికివచ్చు తలనీడ ఏది? ఈ ప్రశ్న ఇచ్చటివారికి ఏనాటిదో. దానికి దొరకిన జవాబులలో విజ్ఞానము నడచిన తీరు కూడ కొంత కనిపించును.

కృష్ణాతీరపు బౌద్ధశిల్పములలో ఛత్రము తరచుగా అగుపడును. జగ్గయ్యపేట స్తూపమునకు చెందిన, సుమారు 2,000 ఏండ్ల నాటి ఒక ఫలకముపై చక్రవర్తి నిలుచుండగా అతని తలపై గొడుగు చెక్కబడినది. రాజునకు గొడుగు పట్టుటకు సేవకులుందురు. నారు పీకు కూలికి ఎవరున్నారు? ఆమెకు రెండు చేతులును పనిలోనే ఉండవలెను. కావున నీడ తలమీద తనంతట తాను నిలువవలెను.

ఈ చిక్కును తీర్చినది ఆకు. ఆకులతో చేసిన గొడుగునకు తెలుగులో గిడుగు అని పేరు. తాటియాకు పైపొరపై మైనమువంటి పూత ఉండుటచే నీరు దానిలోనికి ఇంకక జారిపోవును. ఆకు పాయలు కాడనుండి విసనకఱ్ఱవలె విచ్చుకొనుటచే వాననీరు ఆ గాళ్ల వెంబడి అంచునకు పారును. వంగి నాటువారికి వానదెబ్బ వీపుమీదనే తగులును. అందుచే వానకాలపు ఆకుగూడను తలనుండి వీపుమీదికి దిగునట్లు అల్లుచుండిరి. నేడు ఆ స్థానమును ప్లాస్టిక్ పట్టాలు చాలవరకు ఆక్రమించినవి.

1611లో ఇంగ్లీషువారు బందరులో వర్తకస్థానము నెలకొల్పుకొనిరి. వారి టోపీ వెడల్పు అంచు గలది. ఉన్నిని అదిమి చేసినది. 17వ శతాబ్దములో కోరమాండల్ తీరమున తయారైన కలంకారీ వస్త్రములపై ఇట్టి టోపీల దొరలు నేటికిని కనిపించుదురు. అది చలిదేశపు టోపీ. గాలి ఆడక మన ఎండలో తలను ఉడికించును.

19వ శతాబ్దములో వారికి మన చిత్తడినేలల మొక్కయే ఉపాయము చూపినది. అది జీలుగు. మన పెండ్లి బాసికములకు వాడు బెండు దానిదే. ఆ బెండు నిండ గాలి గదులే కావున తేలిక; వేడిని త్వరగా లోనికి పోనీయదు. దీనితో చేసినదే సోలాటోపీ. ‘సోలా’ అనునది ఆ మొక్కకు ఉత్తరాది పేరేగాని, సూర్యునికి సంబంధించిన ఇంగ్లీషు మాట కాదు. దీనికి లోపమును కలదు: వానలో తడిసినచో బెండు నీరు పీల్చి మెత్తబడును.

ఇంతలో ఒక భ్రమ బలపడెను. సూర్యకిరణములలో కంటికి కనబడని కొన్ని, పుఱ్ఱెను చొచ్చి తెల్లజాతివారి మెదడును చెఱచునని పలువురు నమ్మిరి. అమెరికా సైనిక వైద్యుడు చార్లెస్ వుడ్రఫ్ 1905లో ఈ వాదముపై ఒక గ్రంథమే వ్రాసెను. పిదప ఫిలిప్పైన్స్‌లో ఆ సైన్యమే దీనిని పరీక్షించెను. కొందఱు సైనికులకు కిరణములను ఆపునని తలచిన నారింజ ఎరుపు లోదుస్తులను, మఱి కొందఱికి తెల్లనివానిని ఇచ్చి పోల్చి చూచిరి. 1910లో ఫలితములు ప్రకటింపబడెను. రంగు దుస్తులవలన మేలేమియు కలుగలేదు. పైగా వేడి హెచ్చెను. రెండవ ప్రపంచయుద్ధములో బ్రిటిషు సేనలు బెండుటోపీని విడిచి మెత్తని టోపీలకు మారిరి.

అట్లని ఎండ అపాయకరము కాదని తలపరాదు. వడదెబ్బకు కారణము మెదడును చొచ్చు కిరణము కాదు. శరీరము తనలో చేరిన వేడిని వెలుపలికి పంపలేకపోవుట. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా మరణించిరి. టోపీ మీదపడు ఎండను తగ్గించునంతే. నీరు, నీడ, విశ్రాంతి చేయు పనిని అది చేయజాలదు. బెండుటోపీ పెట్టుకొన్నచో భయము లేదని నమ్మిన దొర ఎంత పొరబడెనో, టోపీ ఉన్నది గదా అని మిట్టమధ్యాహ్నము నడచువాడును అంతే పొరబడును.

ఇక అంచు ఎంత ఉండవలెను? లెక్క చాల తేలిక. అంచు పొడవును సూర్యుని ఎత్తుకోణపు టాంజెంటుతో గుణించినచో ముఖముపై నీడ ఎంత దిగునో తెలియును. 7.5 సెంటీమీటర్ల అంచు, సూర్యుడు 60 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు 13 సెంటీమీటర్లు, 45 డిగ్రీలప్పుడు 7.5, 30 డిగ్రీలప్పుడు 4.3 సెంటీమీటర్ల నీడ నిచ్చును. నుదుటినుండి గడ్డము వరకు మీరే కొలిచి పోల్చుడు. వానకును ఇదే త్రిభుజము. చినుకు పడు వేగమును, గాలి వేగమును సమానమైనచో వాన 45 డిగ్రీల వాలున కొట్టును. ముందు వానకు అంచు దాచునది అంచు పొడవంతయే. నీటి మడినుండి పైకి ఎగయు వెలుగును ఏ అంచును ఆపలేదు.

కొండపల్లి కొండలెక్కబోవు విద్యార్థి ఈ లెక్కతో టోపీ నెంచుకొనవచ్చును. అంచు చుట్టును ఉండవలెను. మెడకును ఎండ తగులును గదా. నెత్తికిని కప్పునకును నడుమ గాలి ఆడవలెను. పైభాగము లేతరంగుది, అంచు అడుగు ముదురురంగుది మేలు. నీరు పీల్చని బట్ట, గాలికి ఎగిరిపోకుండ గడ్డము క్రింద త్రాడు ఉండవలెను.

తేలిక, నీరు జారు పైపొర, చేతులకు స్వేచ్ఛ: ఇవి గిడుగు అల్లినవారు పనిలో తెలిసికొన్న సంగతులు. వారు పరీక్షించినది ప్రతిదినము, తమ తలలమీదనే.