ముప్పదితొమ్మిది అంకెల ప్రధాన సంఖ్య

ఏడు, పదమూడు ప్రధాన సంఖ్యలని పిల్లలు సైతము చెప్పగలరు. ఒకటి, తాను తప్ప వానికి వేరు భాజకములు లేవు. కాని 170141183460469231731687303715884105727 మాట యేమి? రెండు యొక్క 127వ ఘాతమునుండి ఒకటి తీసివేయగా వచ్చు సంఖ్య యిది.

1644లో మెర్సెన్ అను ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి యిట్టి సంఖ్యలలో 257వ ఘాతము వరకు ఏవేవి ప్రధానములో ఒక పట్టిక ప్రకటించెను. అందు 67, 127, 257 ఘాతములు చేరియున్నవి. ఋజువు మాత్రము చూపలేదు. అయినను ఆ పట్టిక రెండు వందల యేండ్లకు పైగా నిలిచినది. దానిని పూర్తిగా పరీక్షించుట ఎవరి తరమును కాలేదు.

కారణము సులభముగనే తెలియును. 127వ ఘాతపు సంఖ్యకు భాజక మున్నచో, దానిని 254చే భాగింపగా శేషము 1 రావలెను. ఈ నియమము వలన పని ఎంతో తగ్గును. అయినను సెకనున కొక భాగహారము చేయుచు వర్గమూలము వరకు పోవుటకు సుమారు 160 కోట్ల సంవత్సరములు పట్టును!

1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వార్ లూకా భాజకములను వెదకుటయే మానెను. ఆయన పద్ధతిని 1930లో లెహ్మర్ సులభ రూపమున నిలిపెను. 4తో మొదలిడి, వర్గము చేసి, 2 తీసివేయవలెను. దానిని పరీక్షింపదలచిన సంఖ్యచే భాగించి, శేషమును మాత్రమే యుంచుకొని, మరల అట్లే చేయవలెను. ఘాతము బేసి ప్రధానమైనపుడు, దానికి రెండు తక్కువ పర్యాయములు చేసిన పిమ్మట శేషము సున్న యైననే ఆ సంఖ్య ప్రధానము. ఐదవ ఘాతము నుండి వచ్చు 31ని చూడుడు. మొదట 14, పిదప 194, అనగా శేషము 8, మూడవ సారి 62, అనగా శేషము 0. కనుక 31 ప్రధానమే.

127వ ఘాతమునకు 125 పర్యాయములు చాలును. కాని ప్రతి పర్యాయమును ముప్పదితొమ్మిది అంకెల వరకు గల సంఖ్యను వర్గము చేయవలెను. లూకా రెండంకెల పద్ధతిలో, చదరంగపు పలక వంటి గళ్లపై ఈ పని జరుపు విధము నెంచుకొనెను: కాయ యున్న గడి 1, లేని గడి 0. రెండు యొక్క 127వ ఘాతమును ఈ సంఖ్యచే భాగింప శేషము 1 గదా! అందుచే పలక అంచు దాటిన కాయను మరల మొదటి గడి వైపునకు త్రిప్పిన చాలును, భాగహార మక్కరలేదు.

అదే సంవత్సరము 67వ ఘాతపు సంఖ్య ప్రధానము కాదనియు లూకా ప్రకటించెను. దాని భాజకములు ఆయనకును తెలియవు. ఇచట నొక భేదము గమనింపదగినది. చివర సున్న వచ్చినచో లెక్క తప్పి యుండుట అరుదు. పొరపాటు వలన సరిగా సున్న రాదు. సున్న రానిచో మాత్రము, నడుమ ఒక్క అంకె జారినదేమో యను శంక మిగులును. 1903లో న్యూయార్కునందు కోల్ ఆ శంక తీర్చెను. 193707721ని 761838257287చే గుణించిన ఆ సంఖ్యయే వచ్చును. మెర్సెన్ పట్టికలో 257 కూడ తప్పే. 61, 89, 107 విడిచిపోయినవి. 127 మాత్రము నిజము. 1914లో ఫోకెంబెర్గ్ దానిని మరల సరిచూచెను.

డెబ్బదియైదేండ్లు దానిని మించిన ప్రధాన సంఖ్య ఎవరికిని తెలియలేదు. 1951లో ఫెరియే బల్లమీది లెక్కల యంత్రముతో 44 అంకెల దానిని కనుగొనెను. 1952 జనవరి 30న లాస్ ఏంజలస్ లోని ఎలక్ట్రానిక్ యంత్రము 521, 607 ఘాతములను ఒక్కనాడే తేల్చెను. 2024లో 136279841వ ఘాతమునుండి 41024320 అంకెల ప్రధాన సంఖ్య దొరకినది. దానిని రూఢి చేయుటకు వాడినదియు ఆ నాలుగుతో మొదలగు పరీక్షయే.