పంచేవాడు లేని పేకాట

వేర్వేరు ఊళ్లలో ఉన్న ఇద్దరు ఫోన్లో పేకాట ఆడాలనుకుంటే ముక్కలు ఎవరు పంచాలి? పంచినవాడికి ఎదుటివాడి చేయి తెలిసిపోతుంది. మూడో మనిషిని పెట్టుకుంటే అతన్ని నమ్మాలి. 1979లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆది షమీర్, రొనాల్డ్ రివెస్ట్, లెనార్డ్ ఏడిల్‌మన్ ఈ చిక్కును విప్పడానికి పూనుకున్నారు. ఆర్.ఎస్.ఏ. గుప్తలిపిని కనిపెట్టిన ముగ్గురూ వీళ్లే.

వాళ్ల ఉపాయం చాలా అందమైనది. మొదటివాడు 52 ముక్కలనూ విడివిడి పెట్టెల్లో పెట్టి, తన తాళాలు వేసి, కలిపి పంపుతాడు. రెండోవాడు అందులోంచి అయిదు పెట్టెలు తీసి, అలాగే తిప్పి పంపుతాడు. అవి మొదటివాడి ముక్కలు. ఇంకో అయిదింటికి తన తాళం కూడా వేసి పంపుతాడు. మొదటివాడు తన తాళం మాత్రం తీసి వెనక్కి ఇస్తాడు. మిగిలిన తాళం రెండోవాడిదే కాబట్టి ఆ ముక్కలు అతనొక్కడే చూడగలడు. తాళాలు ఏ వరసలో వేసినా, ఏ వరసలో తీసినా చెల్లే గుప్తలిపి ఉంటే చాలు. దీనికి వాళ్లు 'మెంటల్ పోకర్' అని పేరు పెట్టారు.

అయితే రిచర్డ్ లిప్టన్ ఇందులో ఒక సన్నటి పగులు పట్టుకున్నాడు. తాళం వేసినా ముక్కకు కేటాయించిన అంకె తాలూకు ఒక గణిత లక్షణం మారడం లేదు. ముక్క ఏదో తెలియదు గానీ, ఏ గుంపులోదో తెలిసిపోతుంది. జూదంలో ఆ కాస్త చాలు.

బర్క్‌లీలో చదువుకుంటున్న షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలీ 1982లో ఆ పగులు పూడ్చారు. రవ్వంత సమాచారం కూడా జారిపోకూడదంటే గుప్తలిపి ఎలా ఉండాలో తేల్చి చెప్పారు. అక్కడి నుంచి మరో పెద్ద ప్రశ్న తలెత్తింది: ఒక మాట నిజమని ఎదుటివాణ్ణి ఒప్పించడానికి ఎంత చెప్పాలి? ఛార్లెస్ రాకాఫ్‌తో కలిసి 1985లో వాళ్లిచ్చిన జవాబు, ఆ మాట నిజమన్నది తప్ప ఇంకేమీ చెప్పకుండానే ఒప్పించవచ్చు అని. అదే జీరో నాలెడ్జ్ ప్రూఫ్. గోల్డ్‌వాసర్, మికాలీలకు 2012 ట్యూరింగ్ పురస్కారం దక్కింది. ఇంత లోతైన సిద్ధాంతానికి దారి తీసిన వాటిలో పేకాట ఒకటి కావడం నాకెంతో ఇష్టమైన విషయం.

2015లో వచ్చిన ఎథీరియం బ్లాక్‌చెయిన్‌తో అంపైర్ అక్కర్లేని ఆటలు సాధ్యమయ్యాయి. కానీ అక్కడ రాసిందంతా అందరికీ కనిపిస్తుంది. చదరంగం ఆడుకోవచ్చు, ఎత్తు దాచుకునే ఆటలు కుదరవు. 2016లో యెన్స్ గ్రోత్ కొన్ని వందల బైట్లలో ఇమిడే జీరో నాలెడ్జ్ రుజువు పద్ధతి ఇచ్చాడు. 2017 అక్టోబరులో వచ్చిన బైజాంటియం మార్పుతో అలాంటి రుజువులను ఎథీరియం మీదే సరిచూసే వీలు కలిగింది.

వీటిని కలిపి 2020లో బ్రయాన్ గూ, అతని మిత్రులు 'డార్క్ ఫారెస్ట్' అనే అంతరిక్ష యుద్ధపు ఆట తెచ్చారు. పేరు చైనా రచయిత ల్యూ సిషిన్ నవలది. ఉనికి బయటపడిన నాగరికత బతకదన్నది అందులోని ఊహ. ఆటలోనూ అంతే. గ్రహం ఎక్కడుందో చెయిన్ మీద రాయరు, ఆ స్థానం నుంచి లెక్కగట్టిన హాష్ అనే సంఖ్య మాత్రమే రాస్తారు. హాష్ నుంచి స్థానానికి నేరుగా వెనక్కి రాలేం. దండును కదిపేటప్పుడు ఆటగాడి బ్రౌజరే ఒక రుజువు తయారుచేస్తుంది: బయలుదేరే చోటు, చేరే చోటు నాకు తెలుసు, వాటి హాష్‌లు ఇవీ, మధ్య దూరం ఇంతకు మించదు అని. చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్, అంటే కాంట్రాక్ట్, ఆ రుజువును సరిచూసి ఒప్పుకుంటుంది. ఏ గ్రహం ఎవరిదో లోకమంతా చూస్తుంది, ఎక్కడుందో మాత్రం తెలియదు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఈ ఆటలోని అన్వేషణ. విశ్వానికి హద్దు ఉంది కాబట్టి ఒక్కో చోటుకూ హాష్ కట్టి చూడొచ్చు. అది నిర్ణీత విలువకన్నా చిన్నదైతే అక్కడ గ్రహం ఉన్నట్టు. గుప్తలిపిలో మొరటు పద్ధతి అనిపించుకునే ఈ పనినే వాళ్లు ఆటకు ప్రాణం చేశారు. ఎవరి కంప్యూటర్ ఎంత వెతికితే వాళ్లకు అంత చీకటి తొలగుతుంది.

ఒక కొరత మిగిలే ఉంది. ఈ రుజువులు ఒక ఆటగాడికి తెలిసిన రహస్యాన్నే కాపాడతాయి. ఎవరికీ తెలియని నిధిని పటంలో దాచాలంటే, అందరూ కలిసి ఎవరి రహస్యం వాళ్ల దగ్గరే ఉంచుకుని లెక్కలు చేసే పద్ధతులు కావాలి. అవి ఇప్పటికీ నెమ్మదివి, ఖర్చుతో కూడినవి.

కంప్యూటర్ సైన్స్ చదివే తెలుగు విద్యార్థులు దీన్ని చేసి చూడాలి. ఇలాంటి రుజువులు తయారుచేయడానికి వాడే సర్కమ్ భాష, స్నార్క్‌జేఎస్ ఉచితంగా దొరుకుతాయి. బ్యాటిల్‌షిప్‌తో మొదలుపెట్టండి: ఓడల అమరికకు హాష్ ముందే ఇచ్చి, ప్రతి దెబ్బకూ తగిలిందో లేదో రుజువుతో చెప్పించండి.