కంప్యూటర్ మారినా పాట మారకూడదని

1970ల్లో ఒక ఊళ్ళో రికార్డయిన పాటను మరో ఊళ్ళో మిక్సింగ్ చేయాలంటే, రెండంగుళాల వెడల్పున్న 24 ట్రాకుల టేపును పెట్టెలో పెట్టి పంపేవారు. ఆ టేపు మొదట్లో పాట ఉండదు. 100, 1,000, 10,000 హెర్ట్జ్ శ్రుతులు కాసేపు మోగుతాయి. అవతలి ఇంజనీరు వాటిని వింటూ, మీటరు ముల్లు సరైన గీత మీద నిలిచేదాకా తన యంత్రాన్ని సరిచేసుకుని, ఆ తర్వాతే పాటలోకి దిగేవాడు. యంత్రం ఏ కంపెనీదైనా పని జరిగిపోయేది.

కంప్యూటర్లు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది.

ఆరంభం మాత్రం ఆశ కలిగించేదే. 1983 జనవరిలో అమెరికాలోని నామ్ సంగీత వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి సింథసైజర్ ప్రాఫెట్-600నీ, రోలాండ్ వారి జూపిటర్-6నీ తీగతో కలిపితే, ఒక కీబోర్డు మెట్లు నొక్కినప్పుడు రెండోది కూడా పలికింది. అదే మిడి. 1988లో మిడి ఫైలుకూ ఒక ఉమ్మడి రూపం కుదిరింది. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్నవి ఏ కంప్యూటర్‌కైనా చేరేవి. ఏ వాద్యం పలకాలన్నదే తేలేది కాదు. దానికి 128 వాద్యాల నంబర్ల పట్టిక 1991లో వచ్చింది.

గొంతు సంగతి వేరు. రికార్డు చేసిన శబ్దాన్ని దాచే ఫైలుగా ఆపిల్ 1988లో ఏఐఎఫ్ఎఫ్ తెస్తే, మైక్రోసాఫ్ట్, ఐబీఎం 1991లో వేవ్ తెచ్చాయి. శబ్దపు ఒక కొలతను (శాంపిల్‌ను) రెండు బైట్లలో రాసేటప్పుడు మ్యాక్‌లోని మోటరోలా చిప్ పెద్ద బైటును ముందు పెట్టేది, పీసీలోని ఇంటెల్ చిప్ చిన్నదాన్ని ముందు పెట్టేది. ఇవతల 1 అని రాసింది అవతల 256గా కనిపిస్తుంది. ఆ తేడా తెలియని సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పాట బదులు చెవులు చిల్లులు పడే హోరు.

1991లో ప్రోటూల్స్ అనే రికార్డింగ్ వ్యవస్థను తెచ్చిన డిజిడిజైన్ కంపెనీ సౌండ్ డిజైనర్ 2 ఫైళ్ళది మరో చిక్కు. మ్యాక్ డిస్కులో ఆ ఫైలుకు రెండు భాగాలు. శబ్దం ఒకదాంట్లో, సెకనుకు ఎన్ని శాంపిళ్ళన్న వివరం రెండోదాంట్లో. మామూలు పీసీ డిస్కుకు కాపీ చేస్తే రెండోది రాలిపోయేది. పాటంతా లోపలే ఉన్నా ఎంత వేగంతో వినిపించాలో తెలిసేది కాదు.

ఈ కథలో నిజంగా మెచ్చుకోవలసిన పని 1997లో ఐరోపా ప్రసార సంస్థల సమాఖ్య చేసింది. వేవ్ ఫైలులో ఒక చిన్న అర చేర్చి, ఈ శబ్దం అర్ధరాత్రి నుంచి ఎన్నో శాంపిల్ దగ్గర మొదలవుతుందో అందులో రాయమంది. సెకనుకు 48,000 శాంపిళ్ళ రికార్డింగులో సరిగ్గా గంట దగ్గర మొదలైన ముక్కకు ఆ అంకె 17,28,00,000. దాన్ని చదవగల ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ముక్క తన చోటికి చేరుతుంది.

ఆవిడ్ కంపెనీ ఓఎంఎఫ్, తర్వాతి ఏఏఎఫ్ ఫార్మాట్లు కోతల్ని, కొంతవరకు వాల్యూమ్ మార్పుల్ని మోసుకెళ్ళాయి కానీ ఈక్యూ, రివర్బ్ వంటి శబ్దపు మెరుగులు సాధారణంగా వెనకే ఉండిపోయేవి. అందుకే ఇంజనీర్లు ప్రతి ట్రాకునూ సున్నా నుంచే ఒక్క వేవ్ ఫైలుగా తీయడం అలవాటు చేసుకున్నారు. గాయని మూడో నిమిషంలో ఒక్క ఆలాపనే పాడినా, ముందున్న నిశ్శబ్దమంతా ఫైలులో ఉంటుంది. చెన్నైలో వయొలిన్లు, హైదరాబాదులో గాత్రం రికార్డయ్యే తెలుగు పాటలకూ ఈ పద్ధతే అక్కరకొస్తుంది.

2002 జూలైలో ఆపిల్, లాజిక్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎమాజిక్‌ను కొని, సెప్టెంబరు 30 తర్వాత లాజిక్ విండోస్‌కు ఉండదని ప్రకటించింది. విండోస్‌లో ఏళ్ళుగా పాటలు కట్టుకున్నవాళ్ళు మ్యాక్ కొనాలి, పాత వెర్షన్‌నే కాపాడుకోవాలి, లేదా ఒట్టి శబ్దాలు మూటగట్టుకుని వేరే సాఫ్ట్‌వేర్‌కు పోవాలి. శ్రమపడి చేసిన మిక్సింగ్ ఒక కంపెనీ వ్యాపార నిర్ణయానికి బలికావడం అన్యాయమే.

2023లో సంగీత సాఫ్ట్‌వేర్ కంపెనీలైన బిట్‌విగ్, ప్రీసోనస్ కలిసి డాప్రాజెక్ట్ అనే బహిరంగ ఫార్మాట్ తెచ్చాయి. టెంపో, స్వరాలు, ఆటోమేషన్, ప్లగిన్ల (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు పరికరాల) సెట్టింగులు అన్నీ ఒకే జిప్ ఫైలులో వెళ్తాయి. 2024లో క్యూబేస్ 14 అనే సంగీత సాఫ్ట్‌వేర్ కూడా చేరింది. అయితే ఆ ప్లగిన్ అవతలి కంప్యూటర్‌లోనూ ఉండాలి. మ్యాక్‌కే పరిమితమైన ఆడియో యూనిట్ ప్లగిన్ విండోస్‌లో తెరుచుకోదు. కాబట్టి ప్రాజెక్టుతోపాటు సున్నా నుంచి తీసిన వేవ్ ఫైళ్ళ ఫోల్డరు కూడా పంపాల్సిందే.