యువరాజు వస్తే స్వేచ్ఛ వస్తుందా?

ఇరాన్ స్త్రీల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా 1970ల నాటి టెహ్రాన్ ఫొటోలు ముందుకొస్తాయి. పొట్టి స్కర్టులు, విరబోసుకున్న జుట్టు, నవ్వే ముఖాలు. ఆ రోజులు తిరిగి రావాలంటే షా కొడుకు రెజా పహ్లవీ రావాలన్న వాదన ఆ ఫొటోల వెంటే వస్తుంది. దాన్ని స్త్రీల వైపు నుంచి చూడాలి కదా!

అసలాయన వారసుడెలా అయ్యాడు? షా మొదటి సంతానం షానాజ్ 1940లో పుట్టింది. ఆడపిల్ల కనుక సింహాసనానికి పనికిరాలేదు. రెండో భార్య సొరయాకి పిల్లలు కలగలేదని 1958లో విడాకులిచ్చారు. మూడో భార్య ఫరా 1960లో కొడుకుని కన్నది. యువరాజు అనే బిరుదు వెనక ఒక కూతురినీ ఒక భార్యనీ పక్కకి నెట్టిన చరిత్ర ఉంది.

పహ్లవీల పాలన స్త్రీలకేమీ చేయలేదనడం అన్యాయం. 1963లో ఓటు హక్కు వచ్చింది. 1967 నాటి కుటుంబ రక్షణ చట్టం విడాకులని మగవాడి నోటిమాట నుంచి కోర్టుకి తెచ్చింది. 1968లో ఫరూఖ్‌రూ పార్సా విద్యామంత్రి అయింది. అయితే 1936లో తాత రెజా షా పరదాని నిషేధించినప్పుడు పోలీసులు వీధుల్లో ఆడవాళ్ళ తలల మీది గుడ్డ లాగేశారు. ఇల్లు కదలడం మానేసిన వాళ్ళెందరో. స్వతంత్ర మహిళా సంఘాలని కూడా ఆయన కాలంలోనే మూసేశారు. తలమీద గుడ్డ తీయించినా, 1979 తర్వాత కప్పించినా నిర్ణయం ఆమెది కాదు.

పైనుంచి వచ్చిన హక్కుని పైవాళ్ళు ఎంత సులువుగా లాక్కోగలరో 1979లో తెలిసింది. ఖొమేనీ వచ్చిన వారాల్లోనే కుటుంబ రక్షణ చట్టాన్ని పక్కన పెట్టారు. మార్చి 8న వేలాది స్త్రీలు టెహ్రాన్ వీధుల్లోకొచ్చారు. వాళ్ళ వెనక నిలబడిన పార్టీలు దాదాపు లేవు. 1980లో పార్సాకి మరణశిక్ష అమలు చేశారు.

రెజా పహ్లవీ 1978లో విమానం నడపడం నేర్చుకోడానికి అమెరికా వెళ్ళినప్పుడు ఆయనకి పదిహేడేళ్ళు. తండ్రి రహస్య పోలీసుల పాపాలు కొడుకు నెత్తిన రుద్దలేం. అలాగే తండ్రి సంస్కరణల పుణ్యమూ ఆయన ఖాతాలో వేయలేం. రాజరికమో గణతంత్రమో ప్రజలే తేల్చుకోవాలని ఆయన చాలాసార్లు అన్నాడు, మంచిదే. కానీ నాయకత్వానికి పరీక్ష ఇతరులతో కలిసి నడవడంలో ఉంది. 2023 ఫిబ్రవరిలో షిరీన్ ఎబాదీ, మసీహ్ అలీనెజాద్ వంటి వారితో కట్టిన కూటమి నుంచి ఆయన ఏప్రిల్‌లోనే తప్పుకున్నాడు.

2022లో జినా మహ్సా అమీనీ మరణం తర్వాత దేశాన్ని కదిలించిన 'స్త్రీ, జీవితం, స్వేచ్ఛ' నినాదం రాజప్రాసాదంలో పుట్టలేదు. కుర్దు స్త్రీల పోరాటంలోంచి వచ్చింది. పీడకుడు షా అయినా సర్వోన్నత నాయకుడైనా ఒకటేనని వీధుల్లో అరిచిన వాళ్ళూ ఉన్నారు.

ఆయన ఎన్నికల్లో నిలబడితే నిలబడవచ్చు, గెలిస్తే పాలించవచ్చు. అది ఏ పౌరుడికైనా ఉండే హక్కు. ఆ హక్కు షానాజ్‌కీ, జైల్లో ఉండి వచ్చిన ప్రతి ఇరాన్ స్త్రీకీ సమానంగా ఉండాలి. పుట్టుక వల్ల వచ్చే అర్హత ఎవరిని బయట నిలబెడుతుందో మనకి తెలుసు.